బావకు సీటొస్తేనే

అక్కను చేసుకుని బావ మా ఇంటికి ఇల్లరికం వచ్చేనాటికి నేను ఏడో తరగతిలో ఉన్నాను. రాయచూరు దగ్గర మట్మారిలో మాకు ఎనిమిదెకరాల నల్లరేగడి ఉండేది. మేమిద్దరం ఆడపిల్లలమే. చేనికి ఒక మనిషి కావాలని ఊళ్ళన్నీ తిరిగిన నాన్న చివరికి చదువుకున్నవాణ్ణి తెచ్చుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు దానికి నవ్వారు. నాగలి పట్టాల్సిన అల్లుడు పుస్తకాల పెట్టె పట్టుకుని రైలు దిగాడని చాలాకాలం చెప్పుకున్నారు.

బావ చదివింది ఉర్దూ బడిలో. ఎనిమిదిలో ఉండగా హైదరాబాదు రాజ్యం ముక్కలై మా జిల్లా మైసూరులో కలిసింది. ఆ తర్వాత బడిలో పాఠాలు కన్నడంలోకి మారాయి. ఇంట్లో తెలుగు, అప్పటిదాకా చదివింది ఉర్దూ, ఇక చదవాల్సింది కన్నడం. రెండేళ్ళు పోగొట్టుకుని ఎలాగో మెట్రిక్ గట్టెక్కాడు. కానీ రాయచూరు కాలేజీలో చేరాలంటే ఇంగ్లీషులో విడిగా ఒక పరీక్ష పెట్టేవారు. వ్యాకరణం, మాటలకు అర్థాలు, ఒక పేరా చదివి జవాబులు రాయడం, ఆఖరున లెక్చరర్ల ముందు నిలబడి పైకి చదవడం. బావ ఆ పరీక్ష మూడుసార్లు రాసి మూడుసార్లూ తప్పాడు.

నేను రాయచూరులో చిన్నమ్మ ఇంట్లో ఉండి ఆడపిల్లల కన్నడ బడిలో చదివాను. పదో తరగతి పాసైన వేసవిలో చిన్నాన్నకు లింగసుగూరుకు బదిలీ అయింది. నేను ఊరికి తిరిగి వచ్చేశాను. కాలేజీ సంగతి నాన్నను ఎలా అడగాలో వారం రోజులు ఆలోచించి, ఒకరోజు అన్నాల దగ్గర అడిగాను.

"ఎవరింట్ల ఉంటవు? చిన్నమ్మ పాయె గద" అన్నాడు నాన్న.

"రైల్ల పోయొస్త నాయినా."

"ఒక్కదానివా?"

పక్కన తింటున్న బావ రొట్టె తుంచుతూ, "మామా, ఈసారి నేను గూడ ఇమ్తిహాన్ రాస్తున్న. సీటొస్తే ఇద్దరం కలిసి పోయొస్తం" అన్నాడు.

నాన్న ముద్ద మింగేదాకా ఆగాడు. "అల్లునికి సీటొస్తే ఆయనెంబడి పో. రాకుంటే ఆ ముచ్చట ఇగ ఎత్తకు."

ఆ మాటతో నా చదువు బావ చదువుకు ముడిపడింది.

మా చదువు పశువుల కొట్టంలో సాగేది. పశువులు మేతకు పోయాక మధ్యాహ్నం పూట అది ఖాళీగా ఉండేది. బావ తెల్లారకముందే చేనికి పోయి, ఎండెక్కాక తిరిగివచ్చి, కాళ్ళు కడుక్కుని అట్టపోయిన గ్రామరు పుస్తకం ముందర పెట్టుకునేవాడు. రోజుకు పది ఇంగ్లీషు మాటలు బొగ్గుతో కొట్టం గోడమీద రాసేవాడు. శుక్రవారం శుక్రవారం అక్క పేడతో గోడ అలికేది. ఆలోపల అవన్నీ మాకు నోటికి రావాలి. అక్కకు అక్షరం ముక్క రాదు. అలకబోయే ముందు ఒక్క క్షణం ఆగి, "తుడిచెయ్యమంటరా, ఇంక జర ఉంచమంటరా" అని అడిగేది.

వ్యాకరణంలో బావకు తెలియనిది లేదనిపించేది నాకు. అతను దాన్ని ఉర్దూలో నేర్చుకున్నాడు. నామవాచకం అతనికి ఇసిమ్, క్రియ ఫేల్. జరిగిపోయిన కాలం మాజీ, జరుగుతున్నది హాల్. నేను వాటిని మనసులో కన్నడంలోకి మార్చుకుని, అక్కడినుంచి ఇంగ్లీషుకు పోయేదాన్ని. ఒక్క వాక్యం రాయడానికి నాలుగు భాషల గడపలు దాటేవాళ్ళం. నాకు విసుగొచ్చేది గానీ బావకు వచ్చేది కాదు. స్టేషనులో పాత ఇంగ్లీషు పత్రికలు అడిగి తెచ్చి, వాటిలో క్రియలన్నిటి కింద గీతలు గీయించేవాడు.

అతని ఇబ్బంది చదవడంలో ఉండేది. స్కూల్ అనడానికి నోరు తిరగదు, ఇస్కూల్ అంటాడు. స్ట్రీట్ ఇస్ట్రీట్, స్టేషన్ ఇస్టేషన్. ఉర్దూ బడిలో చిన్నప్పుడు పడిన అలవాటు, ఎంత సాధన చేసినా పోలేదు. మా బడిలో ఇంగ్లీషు చెప్పిన టీచరమ్మ మంగళూరు వైపు ఆవిడ, శుద్ధంగా చదివేది. ఆవిడ దగ్గర నేర్చుకున్న నేను తడబడకుండా చదువుతుంటే బావ వంచిన తల ఎత్తకుండా వినేవాడు.

ఒకరోజు ఊరి పటేలు మా ఇంటికి వచ్చి అరుగుమీద కూర్చున్నాడు. నాన్న మురిపెంగా అల్లుణ్ణి పిలిచి, "జర ఇంగ్లీషుల ఏమన్న చెప్పు, పటేలు వింటడు" అన్నాడు. బావ కొంచెం సిగ్గుపడి, తను ఈ ఇంటికి వచ్చి మూడేళ్ళయిందన్న అర్థం వచ్చేలా ఒక వాక్యం చెప్పాడు. అందులో ఫర్ అనాల్సిన చోట సిన్స్ అన్నాడు. ఉర్దూలో రెంటికీ ఒకటే మాట. నాకెందుకు నోరు ఊరుకోలేదో తెలియదు, గడపలో నిలబడి, "సిన్స్ కాదు బావా, ఫర్ త్రీ ఇయర్స్ అనాలె" అన్నాను.

పటేలు నవ్వాడు. "ఏమయ్య, అల్లుని కన్న మరదలే నయముంది గదా" అన్నాడు.

బావ కూడా నవ్వి, అవును ఫరే అన్నాడు. మర్నాడు కొట్టంలో ఆ పాఠం మళ్ళీ తీసి, ముప్పై వాక్యాలు తనే రాసుకున్నాడు. నాతో మాత్రం ఏమీ అనలేదు.

అన్నది అక్క. ఇసుర్రాయి దగ్గర జొన్నలు పోస్తున్న నాతో, చెయ్యి ఆపకుండానే మెల్లగా అంది. "చెల్లె, నీకొచ్చిన కాడికి కడుపుల పెట్టుకో. పది మంది ముంగట ఆయన్ని దిద్దకు. ఇల్లరికం వచ్చినోడు అందరి మాటలు పడాల్నని ఉంటది. నీ మాట గూడ పడాల్నా?"

నేను ఏడ్చాను. ఆ మర్నాటి నుంచి తప్పులు రాయడం మొదలుపెట్టాను. బావ ఇచ్చిన ప్రశ్నలకు సరైన జవాబు తెలిసినా కొట్టేసి, పక్కన తప్పు రాసేదాన్ని. బావ దిద్దుతూ కొంచెం ఉత్సాహంగా ఉండేవాడు. నేను మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను.

పది రోజులకు అతను నా కాగితాలన్నీ ఒకచోట పెట్టి, కొట్టం పైకప్పు సందులోంచి పడే ఎండకు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు.

"నువ్వు కొట్టేసినయన్ని సరైనవే" అన్నాడు.

నేను నేలమీది గడ్డిపరకలు ఏరసాగాను.

"అక్క చెప్పిందా?"

తల ఊపాను. అతను కాగితాలు మడిచి పుస్తకంలో పెట్టాడు. "మూడుసార్లు ఫేలయిన. ఈసారి గూడ అయితనేమో. అది నా నసీబు. గాని నాకోసమని నువ్వు తప్పులు రాస్తే, నేను నేర్పింది గూడ తప్పే అయితది. గట్ల చెయ్యకు పిల్లా."

ఆ తర్వాత మేం ఎక్కువ మాట్లాడుకోకుండానే చదువుకున్నాం. అతను ప్రశ్న చెప్పేవాడు, నేను జవాబు రాసేదాన్ని. చదవాల్సి వచ్చినప్పుడు నేను ముందు చదివితే, అతను నా వెనక చదివేవాడు.

పరీక్ష రోజు అక్క మా ఇద్దరికీ జొన్నరొట్టెలు, పుంటికూర కట్టి ఇచ్చింది. పొద్దుటి పాసింజరులో రాయచూరు వెళ్ళాం. రాత పరీక్ష మొదటి భాగం మాకు తెలిసినదే. పేరా దగ్గర చిక్కుపడ్డాం. ఒక లైట్‌హౌస్, దాన్ని కాపాడే ఒక ముసలివాడు. మేమిద్దరం సముద్రం చూసినవాళ్ళం కాదు. ఆ మాట మా గోడమీదికి ఎన్నడూ ఎక్కలేదు. లైటు, హౌసు విడివిడిగా తెలుసు గనక, ఏదో కరెంటు ఉన్న ఇల్లనుకున్నాను నేను. కానీ కింది వాక్యాల్లో ఓడలు, బండలు, తుఫాను వచ్చాయి. మళ్ళీ మొదటినుంచి చదివితే, ఓడలకు దారి చూపే దీపమని అర్థమైంది. బావ మళ్ళీ చదవలేదు. పట్నంలో కరెంటు దీపాలున్న ధనవంతుడి ఇల్లని, ముసలివాడు దాని కావలివాడని రాసి వచ్చాడు. బయటికొచ్చాక నన్ను అడిగి తెలుసుకుని, చాలాసేపు కాలేజీ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

మధ్యాహ్నం చదివించడం. ఒక గదిలో బల్ల వెనక ఇద్దరు లెక్చరర్లు కూర్చున్నారు. మిగతావాళ్ళం తలుపు దగ్గర వరసగా నిలబడ్డాం. నా వంతు ముందు వచ్చింది, చదివి వచ్చేశాను. బావ చేతికి ఇచ్చిన కాగితంలో మొదటి వాక్యంలోనే స్ట్రేంజర్ అనే మాట ఉంది. ఇస్ట్రేంజర్ అన్నాడు. మా వెనక పట్నం పిల్లలు కిసుక్కుమన్నారు. అతను ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అదే. మూడోసారి ఆ మాట దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. ఒక లెక్చరరు మంచిగానే, పరవాలేదు, చదువు అన్నాడు. బావ కాగితం బల్లమీద పెట్టి, నమస్కారం చేసి బయటికి వచ్చాడు. నేను తలుపు పక్కనే ఉన్నాను. అతని మెడమీద చెమట కారుతోంది. నేను చూడనట్టు కిటికీ వైపు తిరిగాను.

ఫలితాలకు ఇద్దరం కలిసే వెళ్ళాం. బోర్డుమీద నా నంబరు ఉంది. బావది లేదు. అతను బోర్డు చివరిదాకా చూసి, మళ్ళీ నా నంబరు దగ్గరికి వచ్చి దానిమీద వేలు పెట్టి చూశాడు.

సాయంత్రం రైలుకు ఇంకా టైముంది. స్టేషనులో బెంచీమీద కూర్చున్నాం. ఇంటికి పోయి ఏం చెప్పాలో అని నేను ఆలోచిస్తున్నాను. నాన్న ఏమంటాడో తెలుసు. ఇక పుస్తకాలు మూసేయడమే.

"ఇద్దరం పాసైనమని చెప్త" అన్నాడు బావ.

నేను అతని ముఖంలోకి చూశాను.

"రోజు నీతోని వస్త. నువ్వు కాలేజీకి పో, సాయంత్రం దాంక నేను ఏడనో ఒక దగ్గర ఉంట. మళ్ళ కలిసి పోదం. మామ కాలేజీలకొచ్చి చూస్తడా?"

"ఎన్నాళ్ళు బావా?"

"వచ్చే ఏడు మళ్ళ రాస్త గద. గంత దాంక."

వద్దని అనాలని నాకు తట్టింది. అనలేదు. ఆ పూట నాకు కాలేజీ తప్ప ఇంకేమీ కనబడలేదు.

ఆ విధంగా దాదాపు ఐదు నెలలు గడిచాయి. మొదటి రోజుల్లో బావ స్టేషనులోనే కూర్చునేవాడు. ఎవరైనా ఊరివాళ్ళు చూస్తారని తర్వాత గంజులో, అంటే పంటలమ్మే మార్కెట్లో, హమాలీ పనికి కుదిరాడు. పత్తి బోరాలు, పల్లీ బస్తాలు మోసేవాడు. తెల్లచొక్కా విప్పి మడిచి నా సంచిలో పెట్టేవాడు. సాయంత్రం స్టేషను కొళాయి దగ్గర ఒళ్ళు కడుక్కుని మళ్ళీ తొడుక్కునేవాడు. ఎంత కడుక్కున్నా చెవుల వెనక పత్తి నూగు ఉండేది. రైలెక్కగానే, "ఇయ్యాల ఏం సబక్ చెప్పిన్రు?" అని అడిగేవాడు. ఇంట్లో ఎవరైనా అడిగితే చెప్పడానికని మొదలైంది గానీ, తర్వాత నిజంగానే చదువుకునేవాడు. అరగంట ప్రయాణంలో నేను విన్న పాఠమంతా చెప్పేదాన్ని. భుజం నొప్పికి ఒకవైపు ఒరిగి కూర్చుని, నా నోట్సు ఒళ్ళో పెట్టుకుని వినేవాడు. అతని ఫీజుకని నాన్న ఇచ్చింది నా పుస్తకాలకే పోయింది.

ఇంట్లో అక్క అప్పుడు కడుపుతో ఉంది. బావ చేయాల్సిన చేనిపని కూడా తనే చేసేది. కలుపు తీసే చోట ఆడవాళ్ళతో, మా ఆయన కాలేజీకి పోతుండు అని చెప్పుకునేదట. నాతో ఒకసారి, "ఆయన బాగ చదువుతుండా? నిజం చెప్పు" అని అడిగింది. బాగా చదువుతున్నాడు అన్నాను.

పల్లీ కోతలయ్యాక నాన్న గంజుకు వెళ్తానని మాకు ముందుగా చెప్పలేదు. ఒకరోజు ఎవరి బండో రాయచూరు పోతుంటే దానివెంట మా పల్లీ బస్తాల బండీ తోలుకుపోయాడు. ఆ సాయంత్రం బావ స్టేషనుకు ఆలస్యంగా వచ్చాడు. చొక్కా అడగలేదు. రైలు కదిలాక చెప్పాడు.

"మామ చూసిండు."

"ఏమన్నడు?"

"ఏమనలే. బండి కాడికి బస్తాలు దించనీకి పోతే ఎదురుంగ మామ. నేనాగిన. దించు అన్నడు. ఆఖరి బస్తా దాంక నాతోనే దింపిచ్చిండు."

నేను సంచిలోంచి అతని చొక్కా తీసి ఇస్తూ, "నాకోసమే చేసినవని నాయినకు చెప్త" అన్నాను.

"చెప్పకు" అన్నాడు వెంటనే. "ఆడపిల్లవు, ఇంట్ల అబద్ధమాడి పట్నం తిరిగిందంటరు. నీకు సంబంధం గూడ రాదు. ఫేలయిన సిగ్గుకు నేనే చేసిన అంట. మొగోణ్ణి, నాలుగు దినాలంటరు, మరిచిపోతరు."

నేను మళ్ళీ చెప్తానని అనలేదు. అతను అలా అన్నందుకు నాకు లోపల ఊరట కలిగింది. దాన్ని ఎన్ని రకాలుగా అనుకున్నా, కలిగింది ఊరటే.

మర్నాడు మధ్యాహ్నం నాన్న బండితో వచ్చాడు. ఎద్దులను విప్పి, నీళ్ళు తాగి, అరుగుమీద కూర్చుని బావను పిలిచాడు.

"ఎన్నాళ్ళ సంది?"

"మొదటి దినం సంది."

"సీటు?"

"రాలే మామా. చెప్పనీకి సిగ్గైంది."

నాన్న నా వైపు చూశాడు. "నీకెరుకేనా?"

బావ నాకంటే ముందే, "దానికేం తెల్వదు. నేను వేరే క్లాసుల కూసుంటనని చెప్పిన" అన్నాడు.

నేను నేల చూస్తూ నిలబడ్డాను. అక్క తలుపు దగ్గర ఉంది, చేతులకు పిండి అంటుకుని ఉంది. "ఫీజు ఏం చేసినవ్?" అని అడిగింది. బావ జవాబు చెప్పలేదు. "పైసలు తిన్నవా?" అంది. అప్పుడూ చెప్పలేదు. ఆ డబ్బుతో కొన్న పుస్తకాలు అక్క వెనకనే, గూట్లో నా బట్టల పక్కన ఉన్నాయి.

"దొంగతనం చేసిన సిగ్గు నాకు మిగిలిచ్చినవ్" అని లోపలికి పోయింది.

నా కాలేజీ ఆ రోజుతో ఆగిపోయింది. ఊళ్ళో బావకు కాలేజీ హమాలి అని పేరు పడింది. అతను అనుకున్నట్టు నాలుగు రోజులకు ఎవరూ మరిచిపోలేదు. చేనికి పోతే చేన్లో, దుకాణానికి పోతే దుకాణంలో ఆ పేరే. అక్కకు కొడుకు పుట్టిన మూడో నెలలో కాలువ తవ్వకం పనికి మాన్వి వైపు వెళ్ళిపోయాడు. తర్వాత అక్కనూ తీసుకుపోయాడు. కాలువకు నీళ్ళు వదిలాక తూము తలుపులు ఎత్తి దించే పనిలో కుదిరి, ఆ కాలువ గట్టుమీది రెండు గదుల ఇంట్లోనే బతికాడు. పరీక్ష మళ్ళీ రాయలేదు.

నన్ను గద్వాల వైపు ఇచ్చారు. తెలుగు అక్షరాలు అక్కడే నేర్చుకున్నాను. పిల్లలు పుట్టాక ప్రైవేటుగా చదివి, చిన్న బళ్ళో టీచరుగా చేరి, చాలా ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. బావను ఏ పెళ్ళిలోనో చూసినప్పుడు, "ఏం పిల్లా, బాగున్నవా" అనేవాడు. ఉద్యోగం గురించి అడిగేవాడు కాదు. నేనూ పాత సంగతి ఎత్తేదాన్ని కాదు. చెప్పాలనుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు పక్కన ఉండేవారు. ఎవరూ లేనప్పుడు ఇంకోసారి చెబుదామనుకునేదాన్ని.

నలభై ఐదు దాటకముందే బావ కామెర్లతో పోయాడు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. పదకొండో రోజు చుట్టాలు వెళ్ళిపోయాక, అక్క కాలువ గట్టుమీద కూర్చుని చేటలో జొన్నలు చెరుగుతోంది. నేను పక్కన కూర్చుని అంతా చెప్పాను. స్టేషను బెంచీ, పుస్తకాలు, రైల్లో అతను చెప్పకు అన్నది, నేను ఊరుకున్నది.

అక్క చేట ఆపి వింది. అయిపోయాక చేట పక్కన పెట్టింది.

"ఎన్నిసార్లు దొంగ అన్ననో. కోపమొస్తే అదే మాట. ఒక్కసారన్న కాదనలే ఆయన."

నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. తీసేసుకుంది.

"ఇప్పుడెందుకు చెప్పినవ్ చెల్లె? ఆయనుండంగ చెప్తే ఒక్క మాటన్న తక్కువ అందును. ఇప్పుడు నేనేం చేసుకోవాలె దీన్ని?"

మర్నాడు పొద్దున బస్సుకు బయల్దేరుతుంటే అక్క ఎప్పటిలాగే రొట్టెలు కట్టి కొడుకు చేత పంపింది. తను బయటికి రాలేదు. రెండేళ్ళు ఉత్తరం లేదు, కబురు లేదు. తర్వాత మా అమ్మాయి పెళ్ళికి వచ్చింది. అందరితో మాట్లాడినట్టే నాతోనూ మాట్లాడింది, వంటలో చెయ్యి వేసింది, మూడోరోజు వెళ్ళిపోయింది. రైలెక్కిస్తున్నప్పుడు ఏమైనా అంటుందేమోనని కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎండ పడుతోంది, ఇగ పో అంది.